ముఖం వస్తుంది, గతం రాదు
పాత ఆటకు కొత్త మెరుగులు దిద్దితే అభిమానులు ఎందుకు కొట్లాడుకుంటారు? 'మాస్ ఎఫెక్ట్' మూడు భాగాల సంపుటి నేర్పిన పాఠం

ఒక వీడియో గేమ్ ముగింపు నచ్చలేదని ప్రభుత్వానికి ఫిర్యాదు చేసేవాళ్లుంటారా? ఉన్నారు. 2012 మార్చిలో 'మాస్ ఎఫెక్ట్ 3' విడుదలైన కొద్ది రోజులకే అమెరికాలో ఒక ఆటగాడు ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌ను ఆశ్రయించాడు. మీ నిర్ణయాలను బట్టే కథ ముగుస్తుందని ఊరించి అమ్మారు, తీరా చూస్తే అందరికీ దాదాపు ఒకటే ముగింపు అంటగట్టారు అన్నది ఆరోపణ. మరికొందరు నిరసనగా చందాలు పోగేసి, ఆసుపత్రుల్లోని పిల్లలకు ఆటవస్తువులందించే చైల్డ్స్ ప్లే అనే సంస్థకు 80,000 డాలర్లకు పైగా పంపారు. ఇంకొందరు కెనడాలో ఆట తయారుచేసిన బయోవేర్ కంపెనీకి 400 కప్ కేకులు పంపించారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో. రుచి మాత్రం అన్నింటిదీ ఒకటే. ఆట చివర ఎంచుకోవాల్సిన మూడు ముగింపుల రంగులూ అవే మరి. ధర్నాలు, రాస్తారోకోలు చూస్తూ పెరిగిన నాకు ఇంత తియ్యటి నిరసన మరెక్కడా తారసపడలేదు.

కంపెనీ దిగొచ్చింది. ముగింపును మార్చకుండా, దాన్ని వివరించే దృశ్యాలు కొన్ని కలిపి అదే ఏడాది జూన్ 26న ఉచితంగా ఇచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత, 2021 మే 14న, మూడు భాగాలనూ కలిపి 'మాస్ ఎఫెక్ట్ లెజెండరీ ఎడిషన్' పేరుతో మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. 2007, 2010, 2012 నాటి ఆటలు, వాటికి తోకలుగా విడివిడిగా విడుదలైన 40కి పైగా అదనపు భాగాలు, అన్నీ ఒకే పెట్టెలో. అమెరికాలో ధర 60 డాలర్లు. బొమ్మకు పదును పెట్టారు, చర్మానికి నునుపు తెచ్చారు, తుపాకులను దారికి తెచ్చారు. దాంతో గొడవ మళ్లీ మొదలైంది. ఈసారి ముగింపు గురించి కాదు, గతం గురించి.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. కథాకాలం 2183. షెపర్డ్ అనే మిలటరీ కమాండర్‌గా మనం ఆడతాం. యాభై వేల ఏళ్లకోసారి వచ్చి నాగరికతలను తుడిచిపెట్టేసే రీపర్లనే యంత్రాల నుంచి గెలాక్సీని కాపాడాలి. కాల్పులుంటాయి కాబట్టి యాక్షన్. షెపర్డ్ ఆడో మగో, దయ గల మనిషో కర్కోటక హృదయమో మనమే తేలుస్తాం కాబట్టి రోల్ ప్లేయింగ్. అసలు విశేషం ఇంకొకటుంది. మొదటి భాగంలో తీసుకున్న నిర్ణయం రెండో భాగంలోకి, అక్కడి నుంచి మూడో భాగంలోకి వెంటాడుతూ వస్తుంది. కాపాడినవాడు ఎక్కడో ఎదురై పలకరిస్తాడు. చనిపోయినవాడు ఇక రాడు. ఆటను ఆపినప్పుడు కంప్యూటర్లో మిగిలే సేవ్ ఫైలే దీనికంతటికీ ఆధారం. పాతవాళ్ల భాషలో చెప్పాలంటే అది ఆటగాడి చిత్రగుప్తుడి చిట్టా.

ఆ చిట్టా లేకపోతే ఏమవుతుందో 2011లో ప్లేస్టేషన్ 3 మీద ఆడినవాళ్లకు తెలుసు. ఆ యంత్రానికి అప్పటికి మొదటి భాగం రాలేదు, నేరుగా రెండోది వచ్చింది. ఆడని మొదటి భాగానికి బదులుగా ఒక బొమ్మల కథ చూపించి, ముఖ్యమైన ఘట్టాల్లో 'అప్పుడు మీరేం చేశారు?' అని అడిగేవారు. చేయని పనులకు జవాబులివ్వాలన్నమాట. మూడు భాగాలూ ఒకేచోట దొరకడమే కొత్త సంపుటిలో అన్నింటికంటే పెద్ద మెరుగన్నది చాలామంది ఆటగాళ్ల మాట. ఆ విషయంలో నాదీ అదే అభిప్రాయం.

మిగతా విషయాల్లో ఏకాభిప్రాయం లేదు. మొదటి భాగంలో మాకో అనే ఆరు చక్రాల బండి ఉంటుంది. గ్రహాల మీద రబ్బరు బంతిలా ఎగిరిపడేది. దాన్ని బరువెక్కించి అదుపులోకి తెచ్చారు. 'హమ్మయ్య' అన్నవాళ్లున్నారు, 'ఆ కుదుపుల్లోనే మజా ఉండేది' అని నిట్టూర్చినవాళ్లూ ఉన్నారు. లిఫ్టులు నత్తనడక నడిచేవి. 52 సెకన్లు పట్టే ఒక ప్రయాణం 14 సెకన్లకు తగ్గింది. ఆ లిఫ్టుల్లోనే సహచరులు ఒకరినొకరు దెప్పుకునే సంభాషణలుండేవి కాబట్టి అదీ నష్టమేనని కొందరి వాదన. వినాలనుకుంటే వినొచ్చు, వద్దంటే బటన్ నొక్కొచ్చు అని ఏర్పాటుచేశారు. ఈడెన్ ప్రైమ్ గ్రహం మీద ఆకాశం పాత ఆటలో చావుకబురులా ఎర్రగా ఉండేది. కొత్తదాంట్లో వెలుతురొచ్చింది. దాడి జరిగిన ఊరు పిక్నిక్ స్పాట్‌లా తయారైందని పాతకాపులు మండిపడ్డారు. మిరాండా అనే పాత్ర మాట్లాడుతుంటే ముఖం వదిలేసి కిందివైపు చూసే కెమెరా కోణాలను కొన్నిచోట్ల మార్చారు. ఇది సెన్సారేనని ఒక వర్గం, ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందని మరో వర్గం.

మా ఆఫీసులో సహోద్యోగిని ఒకరికి ఇవేవీ పట్టలేదు. ఆడ షెపర్డ్‌కు మూడు భాగాల్లోనూ ఒకే ముఖం ఇచ్చారని ఆమె సంతోషం. మూడో భాగం దాకా పెట్టె మీదా ప్రకటనల్లోనూ మగ షెపర్డే ఉండేవాడు. ఆడ షెపర్డ్‌ను ఎంచుకునేవారు 18 శాతమేనని 2011లో కంపెనీ మార్కెటింగ్ విభాగం చెప్పింది. కొత్త సంపుటి తర్వాత కంపెనీయే ప్రకటించిన లెక్కలో అది 32 శాతమైంది. "అసెంబ్లీలో మా వాటా కంటే నయం" అన్నారామె.

పాతదానికి కొత్త రంగులద్దితే వచ్చే తగాదా మనకూ తెలియనిది కాదు. 1957 నాటి 'మాయాబజార్' 2010 జనవరిలో రంగుల్లో వచ్చినప్పుడు మా నాన్నను ఖమ్మంలో సినిమాకు తీసుకెళ్లాను. బయటకొచ్చాక ఆయన అన్న మొదటి మాట: "శశిరేఖ చీర ఆ రంగు కాదురా." ఆయన ఆ చీరను రంగులో ఎన్నడూ చూసింది లేదు. నలుపు తెలుపుల్లో చూస్తూనే మనసులో ఎప్పుడో రంగు వేసేసుకున్నారు. ఈడెన్ ప్రైమ్ ఆకాశం గురించి తగువాడేవాళ్లదీ అదే కేసు. వాళ్లు పోలుస్తున్నది పాత ఆటతో కాదు, పదేళ్లుగా తమ తలలో ఆడుతున్న ఆటతో.

రాజనీతిశాస్త్రం చదివినవాడికి ఎక్కడికెళ్లినా అదే యావ. ఈ వాదాలన్నీ వింటుంటే నాకు గుర్తొచ్చింది కేశవానంద భారతి కేసు. 1973 ఏప్రిల్ 24న 13 మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 7-6 తేడాతో తేల్చిన సంగతేమిటి? పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చు, మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపకూడదు. మౌలిక స్వరూపం అంటే ఏమిటన్న పట్టిక ఒక్కరోజులో తయారవలేదు. కేసు తర్వాత కేసు వాదించుకుంటూనే ఉన్నాం. ఆటగాళ్లూ తెలియకుండానే అక్కడికే వచ్చారు. మెరుగులకు అడ్డు లేదు, మౌలిక స్వరూపం జోలికి రావద్దు అంటున్నారు. ఒకరికది ఎర్ర ఆకాశం, మరొకరికి బండి కుదుపు.

నా దృష్టిలో అది ఏమిటో చెప్పాలంటే 2010 నాటి హైదరాబాద్‌కు, ఒక యూనివర్సిటీ హాస్టల్ గదికి వెళ్లాలి. నలుగురం, ఒకటే కంప్యూటర్. ఒకడిది నల్గొండ, ఒకడిది గుడివాడ, ఒకడిది అనంతపురం, నాది ఖమ్మం. 2009 డిసెంబర్ 9న తెలంగాణ ప్రక్రియ మొదలవుతుందని కేంద్రం ప్రకటించింది, రెండు వారాలకే వెనక్కి తగ్గింది. ఆ తర్వాత తరగతులు జరిగిన రోజుల కంటే జరగని రోజులే ఎక్కువ. ఆటకు అంతకంటే అనువైన కాలం ఉండదు. నలుగురం డబ్బులు వేసుకుని డిస్కు కొన్నాం. రాజనీతి విద్యార్థులం కాబట్టి ప్రతి పెద్ద నిర్ణయానికీ ఓటింగ్ పెట్టేవాళ్లం. రెండు-రెండు వస్తే కంప్యూటర్ సొంతదారు గుడివాడ వాడిది నిర్ణాయక ఓటు.

రెండో భాగంలో లీజియన్ అనే యంత్రం దొరుకుతుంది. అది గెత్ జాతిది. గెత్‌లను పనిమనుషులుగా తయారుచేసింది క్వేరియన్లనే జాతి. యంత్రాలకు ఆలోచన మొదలైందని భయపడి వాటిని ఆపేయబోతే అవి తిరగబడ్డాయి. మూడు వందల ఏళ్లుగా క్వేరియన్లు సొంత గ్రహం రానోక్‌ను పోగొట్టుకుని, కోటీ డెబ్భై లక్షల మంది ఓడల్లోనే బతుకుతున్నారు. లీజియన్‌ను లేపి మాట్లాడాలా, లేక సెర్బెరస్ అనే సంస్థకు అమ్మేయాలా అన్నది ప్రశ్న. లేపుదామని నేను, అనంతపురం. అమ్మేద్దామని నల్గొండ, గుడివాడ. ఓట్లు ప్రాంతాలవారీగా పడలేదని గమనించాలి. నిర్ణాయక ఓటుతో లీజియన్ అమ్ముడుపోయింది. నవ్వుకున్నాం, మెస్సుకు వెళ్లి భోంచేశాం.

2012 మార్చి నాటికి చదువులు అయిపోయి విద్యానగర్లో అద్దె గదిలో ఉంటున్నాం. మూడో భాగం వచ్చింది. మధ్యలో మిలియన్ మార్చ్ జరిగింది, సకల జనుల సమ్మె జరిగింది. గదిలో పేపరు చదివే పద్ధతి మారింది, కొన్ని వార్తలు ఎవరూ పైకి చదివేవారు కాదు. ఆటలో రానోక్ యుద్ధం దగ్గరకొచ్చాం. క్వేరియన్లు గ్రహం కోసం తిరిగొచ్చారు. ఎవరినో ఒకరిని ఎంచుకోవాలి, రెండోవాళ్లు తుడిచిపెట్టుకుపోతారు. ఓటింగ్ పెట్టాం. నాలుగుకు నాలుగూ క్వేరియన్లకే. అంతవరకూ మాకు ఏకగ్రీవమన్నది తెలియదు.

"మేమడిగేదీ ఇదే కదా, మా ఇల్లు మాకిమ్మని" అన్నాడు నల్గొండ వాడు.

"ఇల్లు వదిలి పొమ్మంటున్నది ఎవర్నిరా? మమ్మల్ని. క్వేరియన్లం మేము" అన్నాడు గుడివాడ వాడు.

ఓటు ఒకటే. కారణాలు రెండు. ఇద్దరూ తమను నిర్వాసితుల్లో చూసుకున్నారు, ఎదుటివాణ్ని యంత్రాల్లో చూశారు. అటు సరిహద్దున ఉన్న ఖమ్మం వాడినని ఇద్దరికీ నా మీద అనుమానమే. ఆ రాత్రి మాటలు చాలా దూరం వెళ్లాయి. నెల తిరక్కుండానే గది ఖాళీ అయింది. కంప్యూటర్ గుడివాడ వెళ్లిపోయింది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. మా సేవ్ ఫైలు ఏ పాత సామాన్లవాడి తూకంలో పోయిందో తెలియదు.

లెజెండరీ ఎడిషన్ వచ్చిన మే నెల మన దేశంలో ఎలాంటిదో గుర్తుండే ఉంటుంది. రోజుకు నాలుగు లక్షల కరోనా కేసులు, ఫోన్ మోగితే గుండె గుభేల్‌మనే కాలం. టెక్సాస్ నుంచి గుడివాడ వాడు తొమ్మిదేళ్ల తర్వాత ఫోన్ చేశాడు. మా ఇంట్లో అందరూ బాగున్నారా అని, మిగతా ఇద్దరి సంగతేమిటని అడిగాడు. అందరూ ఉన్నారని చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆట మళ్లీ వచ్చింది, కొన్నావా?" అన్నాడు.

నలుగురం నాలుగు చోట్ల కొన్నాం, ఒక్కడు తప్ప. అనంతపురం వాడు ముట్టుకోనన్నాడు: "అదే ఆట అయితే నాకు గుర్తుంది. వేరే ఆట అయితే నాకెందుకు?" గుడివాడ వాడికి కోపం వచ్చింది. మూడో భాగంలో నలుగురు కలిసి శత్రువును ఎదుర్కొనే మల్టీప్లేయర్ విభాగం ఉండేది, దాన్ని తీసేశారు. మొదట్లో అది ఆడకపోతే సైన్యం సన్నద్ధత సగం దగ్గరే ఆగిపోయేది. ఇప్పుడా లంకె లేదు, మూడు భాగాల్లో చేసిన పనులనే లెక్కిస్తారు. నాకిది న్యాయంగా తోచింది. వాడికి మాత్రం నలుగురు ఆడేది పోయి ఒంటరిగా ఆడేదే మిగిలిందన్న బాధ. సొంత జిల్లాలో లెక్చరర్‌గా ఉన్న నల్గొండ వాడు అన్నింటికీ సర్దుకుపోయాడు. లిఫ్టుల్లో బటన్ నొక్కకుండా సంభాషణలు వింటున్నానని చెప్పాడు.

నేను చేసిన పని ఒకటే. లీజియన్‌ను లేపాను. మూడో భాగంలో రానోక్ దగ్గరకొచ్చేసరికి, 2012లో మా గదిలో తెరమీద లేని వాక్యం ఒకటి కనిపించింది. రెండు జాతులనూ ఒప్పించి యుద్ధం ఆపొచ్చు. ఆ వాక్యం ఊరికే రాదు. రెండో భాగంలో తాలీ అనే క్వేరియన్ అమ్మాయిని సొంతవాళ్ల బహిష్కరణ నుంచి తప్పించి ఉండాలి. లీజియన్ బతికి ఉండాలి. ఆ ఇద్దరూ గొడవపడితే ఎవరినీ దూరం చేసుకోకుండా సర్దిచెప్పి ఉండాలి. మూడో భాగంలో యుద్ధం వద్దన్న అడ్మిరల్‌ను కాపాడి ఉండాలి. ఇలాంటివన్నీ కూడితేనే శాంతి. అప్పటికీ లీజియన్ దక్కదు, తన జాతి కోసం ప్రాణం ఇచ్చేస్తుంది.

ఆ దృశ్యాన్ని ఫోటో తీసి ఇద్దరికీ పంపాను. "అప్పుడిది లేదు కదరా?" అని నల్గొండ నుంచి జవాబు. "ఉంది. రెండేళ్ల ముందే అమ్మేశాం" అని రాశాను. టెక్సాస్ నుంచి చాలాసేపటికి వచ్చింది: "అమ్మినప్పుడు రేటు బాగానే ఉందనిపించింది."

నాకు మౌలిక స్వరూపమన్నది ఇదే. చివరి నిమిషంలో మాటకారితనంతో శాంతి రాదు, ఎప్పుడో చేసి మరిచిపోయిన పనుల వడ్డీగా వస్తుంది. సంపుటి తయారుచేసినవాళ్లు ఆకాశం రంగు మార్చారు గానీ ఈ లెక్కను ముట్టుకోలేదు. పాత ఆటగాళ్ల మీద జాలిపడి అందరికీ ఆ వాక్యం పంచిపెట్టి ఉంటే, నా దృష్టిలో అది సవరణ కాదు, రద్దు.

అందరూ ఇలా అనుకోవడం లేదు. విజయవాడలో ఇంజనీరింగ్ చదివే మా పిన్ని కొడుకు ఈ సంపుటితోనే మొదలుపెట్టాడు. "అన్నయ్యా, కనిపించని షరతులు పెట్టి శిక్షించడం అన్యాయం కదా? నేనైతే గైడు చూసి ఆడాను, అందరూ బతికారు" అన్నాడు. వాడి వాదనలో పస ఉంది. పరీక్ష పేపరు పదేళ్ల కిందటే లీకైంది. ఏ మీట నొక్కితే ఎవరు బతుకుతారో అందరికీ తెలుసు. పైగా మనుషులు మంచివైపే మొగ్గుతారు. ఆటగాళ్లలో 92 శాతం మంది సౌమ్యమైన దారే పట్టారని బయోవేర్ మాజీ ఉద్యోగి ఒకరు 2020లో వెల్లడించారు. మీట ముందు కూర్చుంటే అందరం ధర్మరాజులమే. కానీ వాడు ఆడింది తెలిసిన జవాబులతో, మేం ఆడింది తెలియని జవాబులతో. ఆట అదే అయినా అనుభవం వేరు. ఏ రీమాస్టరూ తిరిగి ఇవ్వలేనిది ఆ తెలియకపోవడాన్నే.

ఇంకో రెండు చిన్న సంగతులు. మొదటి భాగానికి చెందిన 'పినాకిల్ స్టేషన్' అనే అదనపు భాగం సంపుటిలో లేదు. దాని సోర్స్ కోడ్ పాడైపోయిందని తయారీదారులే చెప్పారు. ఉన్నప్పుడు పెద్దగా ఎవరూ మెచ్చనిది, లేదనగానే అందరికీ ప్రియమైంది. రెండోది, పాత సేవ్ ఫైళ్లు కొత్త సంపుటిలో పనిచేయవు. అయితే రెండు, మూడు భాగాల్లో షెపర్డ్ ముఖానికి ఒక కోడ్ ఉండేది. దాన్ని రాసిపెట్టుకున్నవాళ్లు కొత్త ఆటలో టైప్ చేస్తే అదే ముఖం వస్తుంది. ముఖం వస్తుంది, గతం రాదు. చేసినవన్నీ మళ్లీ చేసుకోవాల్సిందే, లేదా ఈసారి వేరేగా చేయాల్సిందే.

గతాన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో బయోవేర్ తర్వాత చూసింది. 2024 అక్టోబర్ 31న వచ్చిన 'డ్రాగన్ ఏజ్: ది వేల్‌గార్డ్' అంతకుముందు భాగాల నుంచి కేవలం మూడు నిర్ణయాలనే లెక్కలోకి తీసుకుంది. పదిహేనేళ్లుగా ఆ లోకంలో ఉన్న ఆటగాళ్లు తమ ఓటరు కార్డులు రద్దయినట్టు కోప్పడ్డారు. ఇప్పుడదే కంపెనీ కొత్త మాస్ ఎఫెక్ట్ తయారీలో ఉంది. దానికి ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం: ఈ మూడు ముగింపుల్లో ఏది చరిత్ర? ఒకదాన్ని అధికారికంగా ప్రకటిస్తే మిగతా రెండు రంగులవాళ్లు ఆడింది కలైపోతుంది. మూడింటినీ ఒప్పుకుంటే మూడు లోకాలు కట్టాలి. కప్ కేకులైతే మూడు రంగుల్లో ఒకే రుచితో చేయొచ్చు. చరిత్రను అలా వండితే తినేవాళ్లు ఊరుకోరని ఆ కంపెనీకి 2012లోనే తెలిసింది.